నోట్సు ఎవరిది? – ‘రెండో మెదడు’ మీద కొన్ని అభ్యంతరాలు

మన కాలేజీల్లో ‘నోట్సు’ అనే మాట పక్కన ఏయే క్రియలు వాడతామో ఒకసారి గమనించండి. సారు నోట్సు చెప్పారు. మేడమ్ నోట్సు ఇచ్చారు. సీనియర్ దగ్గర నోట్సు తీసుకున్నాం. జిరాక్సు సెంటర్లో నోట్సు దొరుకుతుంది. చెప్పడం, ఇవ్వడం, తీసుకోవడం, దొరకడం. ‘నేను నోట్సు రాసుకున్నాను’ అనే వాక్యం కూడా వినబడుతుంది గానీ, చాలాసార్లు దానర్థం సారు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాననే. అంటే నోట్సు మన దగ్గర ఒక వస్తువు. చేతులు మారుతుంది, నకలు అవుతుంది, పరీక్ష అయ్యాక పాతకాగితాల వాడికి పోతుంది. అది ఒక మనిషి ఆలోచించిన ఆనవాలు అన్న ఊహ ఈ క్రియల్లో ఎక్కడా లేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, కొన్నేళ్ళుగా మన విద్యార్థుల ఫోన్లలోకి ఇంకో రకం మాట వచ్చి చేరింది. నోషన్‌లో సెమిస్టర్ మొత్తం సర్దుకోండి, అబ్సీడియన్‌లో మీ జ్ఞానాన్నంతా ముడివేసుకోండి, ‘సెకండ్ బ్రెయిన్’ కట్టుకోండి అంటూ వీడియోలు. తెలుగులోనూ వస్తున్నాయి. వీటిలో చాలావాటి వెనక ఉన్న పుస్తకం అమెరికన్ రచయిత టియాగో ఫోర్టే 2022లో ప్రచురించిన ‘బిల్డింగ్ ఎ సెకండ్ బ్రెయిన్’. పుస్తకం చదవకపోయినా దాని పరిభాష చదివినవాళ్ళకంటే వేగంగా తిరుగుతోంది. అందుకని ఆ పుస్తకాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న పనిముట్లనీ, నిజామాబాద్ జిల్లా నుంచి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే కందకుర్తి వైపు నుంచి, చదివి చూడాలని ఈ ప్రయత్నం.

ముందు పుస్తకానికి న్యాయం చేద్దాం. ఫోర్టే చెప్పేది నాలుగు ముక్కల్లో ఉంది: పట్టుకో, సర్దు, పిండు, వెలిబుచ్చు. కంటబడ్డ మంచి విషయాన్ని దాచుకోవాలి. దాన్ని ఎప్పుడు పనికొస్తుందన్న లెక్కన సర్దాలి. సారం పిండుకోవాలి. చివరికి దానితో ఏదో ఒకటి తయారుచెయ్యాలి. సర్దడానికి ఆయన ఇచ్చే పద్ధతి పేరు ‘పారా’. ప్రాజెక్టులు, బాధ్యతలు, వనరులు, భద్రపరిచినవి అని నాలుగు డబ్బాలు. గడువున్న పని ఏదైనా ప్రాజెక్టు. గడువు లేకుండా నడుస్తూనే ఉండేది బాధ్యత. ఆసక్తి కొద్దీ దాచేది వనరు. అయిపోయినవన్నీ నాలుగో డబ్బాలోకి. ఇందులో మంచి ఏమిటంటే, విషయాన్ని బట్టి కాక పనిని బట్టి సర్దమంటున్నాడు. ‘చరిత్ర’, ‘ఆర్థికశాస్త్రం’ అని ఫోల్డర్లు పెట్టుకుని వాటిలో కాగితాలు పడేసి మర్చిపోయే అలవాటుకి ఇది మంచి విరుగుడు. దాచిన ప్రతిదీ చివరికి ఒక రాతగానో పనిగానో బయటికి రావాలని పట్టుబట్టడం కూడా నాకు నచ్చింది.

ఇది ఆయన కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1945లో వానెవర్ బుష్ అనే అమెరికన్ ఇంజనీరు ‘మెమెక్స్’ అని ఒక ఊహాయంత్రం గురించి రాశాడు. మనిషి చదివిన కాగితాలన్నీ అందులో ఉంటాయి, ఒకదానినుంచి ఇంకోదానికి దారులు వేసుకోవచ్చు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లస్ లూమన్ యంత్రం లేకుండానే ఆ పని చేశాడు. జీవితకాలంలో సుమారు 90,000 చీటీలు రాసి, వాటికి అంకెలు వేసి, ఒక చీటీలో ఇంకో చీటీ అంకె రాసుకుంటూ పోయాడు. ఇవాళ అబ్సీడియన్‌లో రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ఒక పేరు రాస్తే లంకె పడుతుంది కదా, అది ఆ చీటీల పెట్టెకి మనవరాలు.

కానీ లూమన్‌కీ ఫోర్టేకీ తేడా ఉంది. లూమన్ చీటీల మీద ఉన్నది ఎక్కువగా తన వాక్యం. చదివినదాన్ని చదివినట్టు ఎత్తి రాసుకోవడం కాదు, చదివాక తనకి తోచింది రాసుకోవడం. ఫోర్టే పుస్తకంలో మొదటి మెట్టు ‘పట్టుకోవడం’. అక్కడ విద్యార్థి చేసేది ఇంకొకరి వాక్యాన్ని కాపీ చేసి దాచడం. తర్వాత దానిలో ముఖ్యమైనవి లావు అక్షరాలు చెయ్యాలి, వాటిలో ఇంకా ముఖ్యమైన వాటికి రంగు వెయ్యాలి, అప్పుడు మాత్రమే పైన రెండు ముక్కలు సొంతంగా రాసుకోవాలి. అంటే నీ మాట ఆఖర్న వస్తుంది, వస్తే. ఆఫీసులో ఊపిరాడని మనిషికి ఈ క్రమం సరిపోవచ్చు. ఆయన పుస్తకం రాసింది కూడా ప్రధానంగా ఆ మనిషి కోసమే. అసలే చెప్పిన నోట్సు మీద పెరిగిన విద్యార్థికి మాత్రం ఇది పాత రోగానికి కొత్త సీసా. జిరాక్సు సెంటర్ ఫోన్లోకి వచ్చింది, అంతే.

*

ఇక కందకుర్తి సంగతి. రెంజల్ మండలంలో ఉన్న ఊరు. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర ఇక్కడే వచ్చి కలుస్తాయి. వంతెన దాటితే మహారాష్ట్ర. డిగ్రీ చదవాలంటే బోధన్ పోవాలి, లేదా నిజామాబాద్. పీజీకి డిచ్‌పల్లిలో 2006లో పెట్టిన తెలంగాణ యూనివర్సిటీ ఉంది. ఈ ప్రాంతపు విద్యార్థి చెవిలో రోజూ మూడు భాషలు పడతాయి: తెలుగు, ఉర్దూ, మరాఠీ. పాఠ్యపుస్తకంలో నాలుగోది ఇంగ్లీషు.

2016–17లో డిగ్రీలోకి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. అప్పటినుంచి ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టులు పెరిగాయి. ఏడాదికొక్కసారి గైడు కొనుక్కుని గట్టెక్కే పద్ధతి పోయి, ఏడాది పొడుగునా కాగితాలు పోగయ్యే పద్ధతి వచ్చింది. సర్దుకోవడం అనే సమస్య నిజంగానే పుట్టింది. కాదనను. ఆ కాగితాలు ఇప్పుడెక్కడున్నాయి? వాట్సాప్‌లో. ఇదే మన విద్యార్థుల అసలైన డిజిటల్ పనిముట్టు, దీనిమీద ఎవరూ పుస్తకం రాయలేదు. క్లాసు గ్రూపులో సారు పంపిన పీడీఎఫ్ ఒక తేదీ, దాని వెనక ‘డబ్ల్యూఏ0012’ లాంటి తోక తగిలించుకుని ఫోన్లో కూచుంటుంది. దానికి పక్కనే పండగ శుభాకాంక్షలు, పెళ్ళి పత్రిక, పరీక్ష ఫీజు రసీదు. 2022 చివర్లో తనకి తానే మెసేజ్ పంపుకునే వీలు వచ్చాక అది చాలామందికి నోట్‌బుక్కు కూడా అయింది. రేపు ఫోన్ మెమరీ నిండిందంటే ముందు ఎగిరిపోయేవి ఇవే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎకనామిక్స్ చదివే ఒక విద్యార్థిని, ‘బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూత – చుట్టుపక్కల పల్లెల మీద ప్రభావం’ అని ప్రాజెక్టు తీసుకుందనుకోండి. ఇక్కడ ఎవరికైనా తట్టే అంశమే. నిజాం షుగర్స్ 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఫ్యాక్టరీ వల్ల పుట్టిన శక్కర్‌నగర్ ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇప్పుడీ ప్రాజెక్టుకి ఆ అమ్మాయి పోగుచేసేవి ఏమిటో చూడండి. తెలుగు పేపరు కటింగుల ఫోటోలు. ఇంగ్లీషులో ఉన్న నివేదికల పీడీఎఫ్‌లు. ఇంట్లో అటకమీద దొరికిన ఉర్దూ కాగితాలు, ఎందుకంటే 1948 దాకా సర్కారు వ్యవహారమంతా ఉర్దూలోనే. చెరకు తోలిన రసీదులు. ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన పెదనాన్న చెప్పిన మాటలు ఫోన్లో రికార్డు చేసినవి. వంతెన అవతలినుంచి మరాఠీలో మాట్లాడిన రైతు మాటలు.

‘పారా’ పద్ధతి ప్రకారం ఇదంతా ప్రాజెక్టు డబ్బాలోకి వెళ్తుంది. సెమిస్టర్ అయిపోగానే, మార్కులు పడగానే, ‘భద్రపరిచినవి’ డబ్బాలోకి జరుగుతుంది. ఫోర్టే భాషలో ఇక దానికి గడువు లేదు, పని లేదు. ఇక్కడే నా మొదటి అభ్యంతరం. పెదనాన్న జీవితం సెమిస్టర్‌తో అయిపోదు. మూతపడ్డ ఫ్యాక్టరీ ఆ ఇంట్లో వాళ్ళకి నాలుగో డబ్బాలోది కాదు, ప్రతి ఎన్నికలప్పుడూ మళ్ళీ తెరుస్తామనే మాటతో వీధిలోకి వచ్చే సంగతి. గడువు ఉన్నదే పని, గడువు తీరింది గతం అనే విభజన ఒక కన్సల్టెంట్ బల్ల మీద బాగానే ఉంటుంది. తన ఊరి గురించి చదివే విద్యార్థికి పనికిరాదు. ఆమెకి కావలసింది పూర్తయినవాటిని పక్కకి నెట్టే డబ్బా కాదు. ఇవాళ్టి అసైన్‌మెంటుని రెండేళ్ళ తర్వాత పీజీలో రాసే వ్యాసానికి కలిపే దారం.

ఆ దారం విషయంలో మాత్రం లంకెలు వేసే పనిముట్లు నిజంగా ఉపయోగపడతాయి. ఎలాగంటే, ఆమె చెరకు మీద ఒక నోట్సు రాసుకుంది. చెరకు ఎక్కడినుంచి వచ్చింది? నిజాంసాగర్ కాలవ కింద. నిజాంసాగర్ మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ప్రాజెక్టు. నీళ్ళొచ్చిన ఆరేళ్ళకి ఫ్యాక్టరీ వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో మంజీర మీద ఎగువన సింగూరు కట్టారు, ఆ నీళ్ళు హైదరాబాదు తాగునీటికి మళ్ళాయి. అప్పుడు నిజాంసాగర్ కింద చెరకు సంగతేమిటి అనే ప్రశ్న దానంతటదే పుడుతుంది. ‘చెరకు’, ‘నిజాంసాగర్’, ‘సింగూరు’, ‘ఫ్యాక్టరీ’ అని నాలుగు చిన్న నోట్సులు, మధ్యలో లంకెలు ఉంటే ఈ ప్రశ్న కళ్ళకి కనబడుతుంది. సిలబస్ ప్రకారం ఒకటి భూగోళం, ఇంకోటి చరిత్ర, మూడోది ఎకనామిక్స్. మూడు వేర్వేరు నోట్‌బుక్కుల్లో రాస్తే ఎప్పటికీ కలవవు. నది మాత్రం ఒకటే.

కానీ గమనించండి, లంకె వేసింది పనిముట్టు కాదు. ‘నీళ్ళెక్కడివి?’ అని అడిగింది ఆ అమ్మాయి. అబ్సీడియన్‌లో నోట్సులన్నీ చుక్కలుగా, లంకెలన్నీ గీతలుగా చూపించే ఒక బొమ్మ ఉంటుంది. వీడియోల్లో దాన్ని చూపించి మురిసిపోతుంటారు. చుక్కలు ఎన్ని ఉన్నా, ఈ గీత ఎందుకు గీశానో ఒక్క వాక్యంలో రాసుకోకపోతే అది ముగ్గే.

*

రెండో అభ్యంతరం భాషది. ఈ పుస్తకాలూ, పనిముట్లూ అన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి: ఎక్కడ పడేసినా ఫరవాలేదు, వెతికితే దొరుకుతుంది. ఇంగ్లీషుకి అది చాలావరకు నిజం. తెలుగుకి ఎంత నిజమో ఎవరికివారు పరీక్షించుకోవచ్చు. ‘పుస్తకం’ అని వెతకండి. ‘పుస్తకాలు’ అని రాసుకున్న నోట్సు రాదు. ‘పుస్తకానికి’ కూడా రాదు. ‘పుస్తక’ దగ్గర ఆపితే అన్నీ వస్తాయి. ఇది తెలిసినవాడికి సులువే. కానీ ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట్లో’ దొరకదు, ‘ఇళ్ళు’ దొరకదు. ‘కన్ను’ వెతికితే ‘కళ్ళు’ రాదు, ‘కంటి’ రాదు. ఇక్కడ ఎక్కడ ఆపినా లాభం లేదు, ఎందుకంటే మాట మొదలే మారిపోతోంది.

దీనికి తోడు సంధి. ‘ఎక్కడ’ అని వెతికితే ‘అతడెక్కడ’ దొరకదు. మనకి అందులో ‘ఎక్కడ’ వినబడుతుంది, యంత్రానికి ‘డె’ కనబడుతుంది. పద్యాలు నోట్సు చేసుకునే ఎంఏ తెలుగు విద్యార్థికి ఇది ప్రతి పాదంలోనూ ఎదురయ్యే చిక్కు. ఆ పైన వర్ణక్రమం. ‘పెళ్లి’ అని ఒకచోట, ‘పెళ్ళి’ అని ఇంకోచోట. ‘మంజీర’, ‘మంజీరా’. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో కంటికి కనబడని ఒక విరుపు గుర్తు ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. చదివే మనిషికి రెండూ ఒకటే, పనిముట్టుకి మాత్రం కావు.

ఇంకా కింద ఇంకో పొర ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటికే ఉన్నా, మన అచ్చు ప్రపంచం చాలాకాలం అను లాంటి ఫాంట్ల మీదే నడిచింది. వాటిలో తయారైన పీడీఎఫ్‌లు కంటికి శుభ్రమైన తెలుగు. కాపీ చేసి నోట్సులో అతికిస్తే అర్థంలేని గుర్తుల వరస. వెతికితే శూన్యం. పేజీ ఫోటో తీసి అక్షరాలుగా మార్చే సదుపాయాలు అచ్చు తెలుగుని బాగానే చదువుతున్నాయి. చేతిరాత దగ్గర, అందులోనూ క్లాసులో ఉరుకులు పరుగుల మీద రాసిన రాత దగ్గర, తడబడతాయి. ఇక ఒకే నోట్సులో తెలుగు వాక్యం మధ్య ఉర్దూ మాట వచ్చిందంటే, ఒకటి ఎడమనుంచి, ఇంకొకటి కుడినుంచి. కర్సరు ఎటు దూకుతుందో చెప్పలేం. కందకుర్తి పిల్లకి ఇది అరుదైన సందర్భం కాదు, ఆమె కాగితాలే అలాంటివి.

ఇదంతా తెలుగు మీద జాలిపడమని చెప్పడం లేదు. పని చెప్పుకోవాల్సిన పద్ధతి మారుతుందంటున్నాను. ఇంగ్లీషు విద్యార్థి వెతుకులాట మీద బతకగలడు. తెలుగు విద్యార్థికి సూచిక కావాలి. ప్రతి నోట్సు పైన మూడు నాలుగు ప్రధానమైన మాటలు, ఎప్పుడూ ఒకే రూపంలో, విభక్తి లేకుండా, ఒకే వర్ణక్రమంతో రాసుకోవాలి. లోపల ‘ఇంట్లో’ అని ఉండనివ్వండి, పైన ‘ఇల్లు’ అని ఉంటే చాలు. ఇది నిఘంటుకారులు ఎప్పటినుంచో చేస్తున్న పనే. ఆరోపం అంటారు దాన్ని. యాప్ చెయ్యలేని పనిని మన నిఘంటువుల అలవాటు చేస్తుంది. సెకండ్ బ్రెయిన్ పాఠాలు చెప్పే తెలుగు వీడియోల్లో ఈ ఒక్క ముక్క చెప్పినవాళ్ళు నాకింతవరకు కనబడలేదు. అవి ఇంగ్లీషు పాఠాలకి తెలుగు డబ్బింగులు, అందుకే.

*

మూడోది గోడ ఎవరిదనే ప్రశ్న. ఇందూరు కోట జైల్లో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారన్నది ఈ జిల్లాలో చదువుకున్న ప్రతివాళ్ళకీ తెలిసిన కథే. పద్యం ఆయనది, గోడ సర్కారుది. ఎప్పుడు తుడవాలో గోడ ఉన్నవాడి ఇష్టం. పోలిక కొంచెం పెద్దదే అయినా, ఉచితంగా దొరికే యాప్‌లో నాలుగేళ్ళ చదువు దాచుకునేటప్పుడు గుర్తుండాల్సిన సంగతి ఇది.

ఎవర్‌నోట్ చూడండి. 2008లో వచ్చి, నోట్సు యాప్ అంటే అదే అన్నంత పేరు తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి ‘అన్నీ ఇందులో దాచుకోండి’ అని పిలిచింది. తర్వాత కంపెనీ చేతులు మారింది. 2023 డిసెంబర్ నుంచి ఉచిత ఖాతాకి 50 నోట్సులు, ఒక్క నోట్‌బుక్కు అని హద్దు పెట్టారు. క్యామ్‌స్కానర్ చూడండి. మన విద్యార్థులు ఆ పేరునే క్రియగా వాడేవారు, ‘క్యామ్‌స్కాన్ చేసి పంపు’ అని. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో అదీ ఉంది. తప్పొప్పుల చర్చ వేరు. రాత్రికి రాత్రి ఒక అలవాటు తెగిపోయిందన్నది మాత్రం నిజం.

నోషన్ అందమైన పనిముట్టు. పట్టికలు, క్యాలెండరు, సబ్జెక్టువారీ పేజీలు, అన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ఒంటరిగా వాడుకునేవాళ్ళకి ఉచితమే. కానీ అది కంప్యూటర్ తెర కోసం పుట్టింది. ఆరు అంగుళాల ఫోన్లో ఆ పట్టికలు చూడటం కిటికీ చువ్వల్లోంచి జాతర చూసినట్టుంటుంది. నెట్ లేకుండా పనిచేసే వీలు 2025 దాకా సరిగా లేదు. బస్సులో చదువుకునే మనిషికి అది చిన్న లోటు కాదు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఉంటే విద్యార్థులకి మరికొన్ని సదుపాయాలిస్తారు. మన డిగ్రీ విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా ఉండేది సొంత జీమెయిలే. అబ్సీడియన్ ఈ విషయంలో మెరుగు. రాసిందంతా మామూలు అక్షరాల ఫైళ్ళుగా మన ఫోన్లోనే ఉంటుంది. రేపు ఆ కంపెనీ మూతపడ్డా ఫైలు తెరుచుకుంటుంది. ‘ఏ యాప్ మంచిది?’ అని అడిగేవాళ్ళు ముందు అడగాల్సింది, ‘ఇందులోంచి నా రాతనంతా నేను ఒక్కరోజులో బయటికి తీసుకోగలనా?’ అని. మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కన పెరిగిన పిల్లలకి ఈ ప్రశ్న విలువ వేరే చెప్పక్కర్లేదు.

*

ఇక అసలు విషయం, చదువు. సర్దుకోవడం చదవడం కాదు. ఇది నా చాదస్తం కాదు, పరిశోధనలు చెప్పేదీ దాదాపు ఇదే. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు, లాప్‌టాప్ మీద కొట్టినవాళ్ళకంటే చేత్తో రాసుకున్నవాళ్ళు భావాలకి సంబంధించిన ప్రశ్నలకి బాగా జవాబులిచ్చారని రాస్తే ప్రపంచమంతా పాకింది. ‘చూశారా, కలమే గొప్ప’ అని మన పేపర్లూ రాశాయి. ఆ తర్వాత 2019లో, 2021లో వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ తేడా గట్టిగా నిలబడలేదు. లాప్‌టాప్ వాళ్ళు ఉన్నదున్నట్టు ఎక్కువ ఎత్తిరాస్తారన్న మాట మాత్రం 2021లోనూ నిలిచింది. కలమా, కీబోర్డా అనే పంచాయితీ మనం అనుకున్నంత పెద్దది కాదన్నమాట.

పెద్ద తేడా ఇంకోచోట ఉంది. 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది చదువు పద్ధతులని తూచి చూశారు. కింద గీతలు గీయడం, రంగులు వెయ్యడం, మళ్ళీ మళ్ళీ చదవడం తక్కువ ఫలితమిచ్చే వాటిలో చేరాయి. పుస్తకం మూసి తనని తాను ప్రశ్నించుకోవడం, రోజుల ఎడం ఇచ్చి మళ్ళీ చూసుకోవడం పైన నిలిచాయి. ఇప్పుడు ఫోర్టే ‘పిండటం’ గుర్తు తెచ్చుకోండి. లావు అక్షరాలు, ఆపైన రంగు. తక్కువ ఫలితం ఇచ్చేదాన్నే పొరలు పొరలుగా చెయ్యమంటున్నాడు. ఆయన తరఫున ఒక మాట చెప్పాలి: ఆయన ఉద్దేశం గుర్తుపెట్టుకోవడం కాదు, గుర్తుపెట్టుకునే బరువు దించుకోవడం. మెదడు ఆలోచించడానికి, దాచడానికి యాప్ ఉంది కదా అంటాడు. ఉద్యోగంలో సరే. పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరు. ఇంటర్వ్యూలోనూ, రేపు తనే టీచరై నల్లబల్ల ముందు నిలబడ్డప్పుడూ మొదటి మెదడే దిక్కు.

అంతకంటే ముఖ్యంగా, బుర్రలో ఏమీ లేకుండా ఆలోచన ఎలా సాగుతుంది? నిజాంసాగర్ ఏ నది మీద ఉందో గుర్తులేని వాడికి సింగూరు పేరు వినగానే ఏ అనుమానమూ రాదు. అనుమానం రావాలంటే రెండు సంగతులూ ఒకేసారి తలలో ఉండాలి. మన అవధానులు దీన్ని ధారణ అన్నారు. అవధానంలో ధారణ అంటే చివర్లో అప్పజెప్పడం ఒక్కటే కాదు. మధ్యలో ఎనిమిది వైపులనించి వచ్చేదాన్ని పట్టి ఉంచుకుంటూనే కొత్త పాదం అల్లడం. పట్టి ఉంచడం, అల్లడం వేర్వేరు పనులు కావు. వాటిని విడగొట్టి ఒకటి యంత్రానికిచ్చి ఇంకోటి మనిషికుంచుతామనే ఊహ మీదే రెండో మెదడు అనే పేరు నిలబడింది. ఆ పేరే నాకు నచ్చలేదు. వల్లెవేత వద్దని మనం పోరాడింది ధారణ వద్దని కాదు. అర్థం లేని ధారణ వద్దని.

మరి సర్దుకోవడం ఎలా? సురవరం ప్రతాపరెడ్డి గారి పని నాకు ఇక్కడ మంచి నమూనాగా కనబడుతుంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకి జవాబుగా ఊరూరినుంచి వివరాలూ పద్యాలూ తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులు. ఆయన దగ్గర ఏ యాప్ ఉంది? ఉత్తరాలు, కాగితాలు. కానీ ఒక ప్రశ్న ఉంది. ప్రశ్న ఉంది గనక వచ్చిన ప్రతి కాగితం ఎక్కడికి చేరాలో తెలిసింది. ప్రశ్న లేకపోతే ఆ ఉత్తరాలన్నీ ఒక మూట.

కాబట్టి బోధన్ బస్సెక్కే విద్యార్థికి నేను చెప్పగలిగింది ఇంతే. పట్టికలు, రంగులు, చిహ్నాలు పెట్టుకునే ముందు సెమిస్టర్ మొదట్లో ప్రతి సబ్జెక్టుకీ రెండు ప్రశ్నలు రాసుకోండి, సొంతవి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలుకి అదే రోజు పేరు మార్చండి, తెలుగులో, తేదీతో. క్లాసు అయ్యాక నోట్సు మూసి, గుర్తున్నంతలో ఐదు వాక్యాలు రాయండి. కాగితం మీదైనా సరే, ఫోన్లోనైనా సరే, సారు మాటల్లో మాత్రం కాదు. దానిపైన నాలుగు ఆరోపాలు. వారానికొకసారి పాత ఐదు వాక్యాల్లో ఒకటి తీసి, చూడకుండా చెప్పుకోండి. నెలకొకసారి మొత్తం ఇంకోచోట నకలు పెట్టండి. దీనికి గూగుల్ కీప్ చాలు, రెండువందల పేజీల నోట్‌బుక్కు కూడా చాలు. నోషన్ వస్తే వాడుకోండి, తప్పులేదు.

అధ్యాపకులకి కూడా ఒక మాట. మనం చెప్పి రాయించినంతకాలం వాళ్ళు దాచుకుంటూనే ఉంటారు. అచ్చంగా మనం చెప్పింది రాసిన జవాబుకి ఎక్కువ మార్కులు వేసి, సొంత వాక్యంలో తడబడ్డ జవాబుకి తక్కువ వేస్తే, ఏ పనిముట్టు వచ్చినా అది జిరాక్సు మిషనే అవుతుంది. ఇప్పుడు అడిగితే అసైన్‌మెంటు మొత్తం రాసిపెట్టే యంత్రాలు కూడా ఫోన్లోకి వచ్చేశాయి. ఇక మిగిలేది, ఆ అమ్మాయి మాత్రమే రాయగలిగిన వాక్యం. పెదనాన్న ఏ షిఫ్టులో ఏ పని చేసేవాడు, ఆఖరి క్రషింగ్ అయిన ఏడాది ఇంట్లో ఏమి అమ్ముకున్నారు, వంతెన అవతలి రైతు ఎందుకు నవ్వాడు. అవి ఏ పీడీఎఫ్‌లోనూ లేవు. వాటికి మార్కులు వెయ్యడం మన చేతిలోనే ఉంది. అలా వేసినప్పుడు ‘నోట్సు దొరికిందా?’ అని అడిగే పిల్లలు తగ్గి, ‘నువ్వేం రాసుకున్నావ్?’ అని అడుక్కునే పిల్లలు కొందరైనా కనబడతారు.